ఆకాశంలో గంట, నేల మీద నాలుగు

రుషికొండ దగ్గర సముద్రంలోంచి సూర్యుడు పైకొచ్చాక గోల్కొండ బురుజు మీద తొలి ఎండ పడటానికి ఇంచుమించు 20 నిమిషాలు పడుతుంది. విశాఖపట్నం, హైదరాబాద్ రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద, 17 డిగ్రీల పైచిలుకులో ఉన్నాయి. తేడా అంతా తూర్పు పడమరల్లోనే. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు తీసుకుంటుంది. ఈ రెండు ఊళ్ల మధ్య ఉన్నవి సుమారు 5 డిగ్రీలు. దేశానికంతటికీ గడియారం దిద్దే 82½ డిగ్రీల రేఖాంశం కూడా వీటి మధ్యనుంచే, నర్సీపట్నానికి కాస్త పడమరగా పోతుంది. అందుకే విశాఖవాసికి చేతి గడియారమూ నడినెత్తి సూర్యుడూ దాదాపు ఒకే మాట చెబుతాయి. హైదరాబాదీకి సూర్యుడు సగటున పావుగంట ఆలస్యమే.

విమానం టికెట్టు మీద ఈ దూరాన్ని గంటా పది, గంటా పదిహేను నిమిషాలుగా రాస్తారు. నేల మీద మాత్రం ఎవరి లెక్క వాళ్లది. "విశాఖ ఎంత దూరమండీ" అని అడిగితే కిలోమీటర్లు చెప్పేవాళ్లు తక్కువ. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి దిగిపోవచ్చంటారు ఒకరు. కారులో అయితే మధ్యలో భోజనంతో కలిపి పదకొండు గంటలంటారు ఇంకొకరు. ఫ్లయిట్లో గంటేగా అంటారు మూడోవారు. మొదటి ఇద్దరూ ఉన్నదున్నట్టు చెప్పారు. మూడోవారిది మాత్రం టికెట్టు చూసి చెప్పిన మాట.

మ్యాపు మీద స్కేలు పెట్టి శంషాబాద్ నుంచి విశాఖ విమానాశ్రయానికి గీత గీస్తే అది సుమారు 510 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి అసలైన దగ్గరి దారి ఆ గీతకు కాస్త ఉత్తరంగా వంగాలి. అమెరికా వెళ్లే విమానాలు ధ్రువం వైపు ఎక్కి దిగడానికి కారణం అదే. మన ఐదొందల కిలోమీటర్లలో ఆ వంపు రెండు కిలోమీటర్లకు మించదు, పట్టించుకోనక్కర్లేదు. గీత నల్లగొండ జిల్లా మీదుగా సూర్యాపేటకు ఉత్తరంగా సాగి, ఖమ్మాన్ని కుడి పక్కన వదిలేసి, కొత్తగూడెం బొగ్గు గనుల దాపున పోతుంది. భద్రాచలానికి దిగువన, శబరి వచ్చి కలిసే కూనవరం ప్రాంతంలో గోదావరిని దాటుతుంది. అక్కడినుంచి రంప ఏజెన్సీ కొండలు, తర్వాత నర్సీపట్నం, అనకాపల్లి. ఆ పైన విశాఖే.

ఈ గీత మీద రోడ్డూ లేదు, రైలూ లేదు. గోదావరికి అవతల తూర్పు కనుమలు అడ్డం. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజును పట్టుకోవడానికి బ్రిటిషు సైన్యం నానా తిప్పలూ పడింది ఈ కొండల్లోనే. దారి లేని చోటు కాబట్టే పోరాటానికి అనువైన చోటయింది. నిజాం ప్రభుత్వపు రైలు 1889లో బెజవాడ చేరింది. తీరం వెంబడి మద్రాసు వైపు రైలు మార్గం 1890ల్లో పడింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన 1900లో పూర్తయింది. రెండు రాజ్యాల రైళ్లూ బెజవాడలో కలిశాయి గనుక, ఇవాళ్టికీ హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే చాలా రైళ్లు ముందు కాజీపేట దాకా ఈశాన్యానికి ఎక్కి, అక్కడినుంచి ఆగ్నేయంగా విజయవాడకు దిగి, మళ్లీ ఈశాన్యానికి మలుపు తిరగాలి. ఐదొందల పది కాస్తా ఏడొందల కిలోమీటర్లవుతుంది. నూట ముప్పై ఏళ్ల కిందట ఎవరి సరిహద్దు ఎక్కడో, ఆ లెక్కకు ఇవాళ మనం రాత్రి ప్రయాణంలో పావు వంతు చెల్లిస్తున్నాం. కొత్తగూడెం దగ్గరి భద్రాచలం రోడ్ స్టేషను నుంచి కొవ్వూరుకు లైను వేస్తే ఈ చుట్టు తగ్గుతుందని దశాబ్దాలుగా అడుగుతున్నారు. అందులో కొంత తప్ప మిగతాది ఇంకా కాగితాల మీదే ఉంది.

రోడ్డు కొంత నయం. విజయవాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి, అక్కడినుంచి తీరం వెంట 16వ నంబరు. మొత్తం 620 కిలోమీటర్లకు అటూ ఇటూ. పాతవాళ్లు ఇప్పటికీ వీటిని నైన్ హైవే, ఫైవ్ హైవే అనే అంటారు. ఖమ్మం నుంచి దేవరపల్లి దాకా 162 కిలోమీటర్ల కొత్త నాలుగు వరసల రోడ్డుతో విజయవాడ మొహం చూడకుండానే రాజమండ్రి చేరే దారి ఏర్పడుతుంది. మ్యాపు మీది గీతకు నేల మీద దొరికే అతి దగ్గరి దారి అదే. విజయవాడలో ఆగి పునుగులు తినే అలవాటున్నవాళ్లకు అది నష్టమే అనుకోండి.

టికెట్టు మీది గంటా పదిహేను

జెట్ విమానం పూర్తి వేగం అందుకున్నాక గంటకు 800 కిలోమీటర్లకు అటూ ఇటూగా పోతుంది. ఆ వేగంతో 510 కిలోమీటర్లకు 40 నిమిషాలు చాలు. మిగతా అరగంట పైచిలుకు ఏమైనట్టు?

టికెట్టు మీది సమయం విమానం గాల్లో ఉండే సమయం కాదు. చక్రాల ముందు పెట్టిన అడ్డు దిమ్మెలు తీసిన క్షణం నుంచి, దిగిన చోట మళ్లీ ఆ దిమ్మెలు పెట్టే క్షణం దాకా ఉన్న సమయం. వైమానిక రంగంలోవాళ్లు దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. శంషాబాద్‌లో ట్రాక్టరు విమానాన్ని వెనక్కి నెట్టడం, ఇంజన్లు స్టార్ట్ చేయడం, రన్‌వే చివరికి నడుచుకుంటూ పోవడం, ముందున్న రెండు మూడు విమానాలు ఎగిరేదాకా ఆగడం అన్నీ అందులోనే. పైకి వెళ్లేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ వేగం తక్కువ. ఇంత దగ్గరి ప్రయాణంలో ఎక్కడం దిగడమే ఎక్కువ భాగం. నిలకడగా, తిన్నగా పోయేది ఇరవై నిమిషాలుంటే గొప్ప. సీటుబెల్టు గుర్తు ఆరాక ట్రాలీ తోసుకొచ్చే ఎయిర్‌హోస్టెస్ వెనక వరస చేరే లోపే కెప్టెన్ దిగడం మొదలుపెట్టామని చెప్పేస్తాడు. ఆఖరి వరసలవాళ్లు కప్పునూడుల్స్ చేతికొచ్చి నీళ్లు పోయించుకునేసరికి కింద అనకాపల్లి కనిపిస్తుంది.

దీని మీద సంస్థలు కాస్త అదనం కూడా కలుపుతాయి. ఏ రోజైనా పది నిమిషాలు ఆలస్యమైనా రికార్డులో సకాలానికే చేరినట్టుండాలి కదా. అనుకున్నదానికన్నా పది నిమిషాలు ముందే చేరామని కెప్టెన్ గొంతు గర్వంగా వినిపించినప్పుడు, ఆ పది నిమిషాలు ముందే మన ఖాతాలోంచి తీసి పెట్టుకున్నవేనని గుర్తుంచుకుంటే చాలు. నాకైతే ఇందులో మోసమేమీ కనిపించదు. గంటలో వస్తానని గంటన్నరకు వచ్చేవాడికంటే గంటన్నర చెప్పి గంటంపావుకు వచ్చేవాడే మేలు.

గాలి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రెండు విమానాశ్రయాల రన్‌వేలూ ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. నైరుతి రుతుపవనాల రోజుల్లో హైదరాబాద్‌లో గాలి పడమటినుంచి వీస్తుంది కాబట్టి, తూర్పున ఉన్న విశాఖకు పోవలసిన విమానం ముందు పడమటికి ఎగిరి, చేవెళ్ల వైపు కొంత దూరం పోయి, చుట్టు తిరిగి మళ్లీ తూర్పు పట్టాలి. విశాఖలో చాలాసార్లు దీనికి జోడీగా ఇంకో చుట్టు ఉంటుంది. విమానం ఊరు దాటి సముద్రం మీదికి పోయి, లంగరేసిన ఓడల మీదుగా వెనక్కి తిరిగి, డాల్ఫిన్స్ నోస్ కొండను, హార్బరును పక్కన చూపిస్తూ దిగుతుంది. ఈ రెండు చుట్లకే పది నిమిషాలు పోతాయి. కిటికీ సీటువాళ్లకు మాత్రం టికెట్టు డబ్బు గిట్టేది ఆ రెండో చుట్టులోనే.

ఇక పైన, పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున కథ వేరు. చలికాలంలో అక్కడ పడమటి గాలులు. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లేవాళ్లను వెనకనుంచి తోస్తాయి. వచ్చేవాళ్లకు ఎదురు. వానాకాలంలో తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ భారతం మీద బాగా ఎత్తున తూర్పునుంచి పడమటికి ఒక వేగమైన గాలి ఏరు పారుతుంది. కింద నేల మీద గాలి పడమటినుంచి, పైన తూర్పునుంచి. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1950ల్లో గుర్తించి, 1958లో పరిశోధన పత్రంగా ప్రపంచానికి చెప్పినది మన పి. కోటేశ్వరం గారు. తర్వాత భారత వాతావరణ శాఖకే అధిపతిగా పనిచేశారు. రుతుపవనాల గురించి ఇవాళ ఏ దేశంలో పాఠం చెప్పినా ఆ గాలి ప్రస్తావన లేకుండా నడవదు. ఐదొందల కిలోమీటర్ల ప్రయాణంలో దాని ప్రభావం మూడు నాలుగు నిమిషాలే కావచ్చు. ఆగస్టులో విశాఖ నుంచి హైదరాబాద్ వస్తూ కాస్త ముందే దిగితే ఆ పుణ్యంలో కొంత ఆ గాలిది.

ఇదంతా పెద్ద జెట్ విమానాల లెక్క. ఈ దారిలో రెక్కల మీద పంకాలు తిరిగే ఏటీఆర్‌లు కూడా నడుస్తుంటాయి. వాటి వేగం గంటకు 500 కిలోమీటర్లు. సుమారు ఓ పావుగంట, ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఎత్తు కూడా తక్కువే కాబట్టి వేసవి మధ్యాహ్నాలు మబ్బుల్లో కుదుపులు తప్పవు. కానీ కనుమలు, గోదావరి మలుపులు, ఏజెన్సీలో అక్కడక్కడా పోడు చేసిన చదరాలు స్పష్టంగా కనిపించేది అందులోంచే. రెక్క విమానానికి పైన ఉంటుంది, చూపుకు అడ్డం రాదు.

గడప నుంచి గడపకు

ఇప్పుడు నేల మీది నాలుగు గంటలు. మియాపూర్‌లో ఉండే ఓ కుటుంబం ఉదయం తొమ్మిది గంటల విమానానికి బయలుదేరిందనుకుందాం. శంషాబాద్ నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే దారి సాఫీ, ఔటర్ ఎక్కేదాకానే గొడవ. ఆరింటికి క్యాబ్ ఎక్కితే ఏడుంపావుకి దిగుతారు. లగేజీ తీసుకునే కౌంటరు విమానానికి గంట ముందే మూసేస్తారు. బోర్డింగ్ గేటు ఇరవై అయిదు నిమిషాల ముందు మూస్తారు. ఈ రెండు మూతల భయమే మనల్ని రెండు గంటల ముందు అక్కడ కూర్చోబెడుతుంది. పదింపావుకు విశాఖలో ఆగితే, బెల్టు మీద పెట్టె కోసం చూసి బయటపడేసరికి పదీ నలభై. ఎన్‌ఏడీ కొత్త రోడ్డు దాటి ఎంవీపీ కాలనీలో గేటు తీసేసరికి పదకొండున్నర కావస్తుంది. మొత్తం అయిదు గంటల పైమాట. అందులో చక్రాలు నేలను వదిలి ఉన్నది గంట కంటే తక్కువ.

విశాఖ నుంచి తిరుగు ప్రయాణంలో ఇంకో మజిలీ ఉంటుంది. సెక్యూరిటీ ట్రే. మనవాళ్ల చేతిసంచుల్లో ఏముంటాయో ఎక్స్‌రే యంత్రం ముందు కూర్చున్న ఆ కుర్రాడికి బాగా తెలుసు. మాడుగుల హల్వా డబ్బాలు నిక్షేపంగా దాటిపోతాయి. అనకాపల్లి బెల్లం దిమ్మ మీద ఓ క్షణం చూపు ఆగుతుంది. తెర మీద అది ముద్దగా, దట్టంగా కనిపిస్తుందట, సంచి తెరవమంటారు. ఆవకాయ సీసా దగ్గరే పేచీ. ఆమధ్య నా ముందు వరసలో ఒక పెద్దావిడ, శ్రీకాకుళం వైపు మనిషని మాటలోనే తెలుస్తోంది, సీసా మూతకు పాలిథిన్ కవరు చుట్టి, దాని మీద రబ్బరు బ్యాండు, దాని మీద చీర ముక్క కట్టి తెచ్చుకుంది. సీసా ట్రేలోంచి తీసి పక్కన పెట్టారు.

"అమ్మా, నూనె పచ్చడి చేతిసంచిలో కుదరదు. పెట్టెలో పెట్టి కౌంటరులో ఇవ్వాలి."

"పెట్టి లోపలికెల్లిపోనాది గదా బావూ. ఇప్పుడు నానేటి సేసీది?"

"వెనక్కెళ్లి మీవాళ్లెవరైనా ఉంటే ఇచ్చి రండమ్మా."

"మావోల్లు రైలుకెల్తే ఇయన్నీ లేవు గదా అన్నారు. నాను ఇన్నేదు."

వెనక నిలబడ్డవాళ్లంతా నవ్వారు, ఆవిడా నవ్వింది. సీసా మాత్రం అక్కడే ఉండిపోయింది. గంట ప్రయాణానికి మనం కట్టే సుంకాల్లో ఇదీ ఒకటి. రైల్లో ఆవకాయను ఆపే మొనగాడు ఇంకా పుట్టలేదు.

రైలు సంగతి వచ్చింది కాబట్టి దానికీ ఇదే లెక్క కడదాం. వందే భారత్ 2023 జనవరి 15న, సంక్రాంతి నాడు మొదలైంది. సికింద్రాబాద్ నుంచి విశాఖకు ఎనిమిదిన్నర గంటలు. 2024 మార్చి నుంచి రెండోది కూడా వచ్చింది. విమానం గంటంపావు, రైలు ఎనిమిదిన్నర అంటే తేడా ఏడు గంటల పైనే అనిపిస్తుంది. తార్నాకలో ఉండేవారికి స్టేషను పది పదిహేను నిమిషాలు. బండి కదలడానికి పావుగంట ముందు ప్లాట్‌ఫామ్ మీదుంటే చాలు. విశాఖలో దిగితే ఊరి మధ్యలోనే దిగుతారు. గడప నుంచి గడపకు కడితే తేడా నాలుగు, నాలుగున్నర గంటలకు పడిపోతుంది. మియాపూర్ వారికి అంత లాభం ఉండదు, వాళ్లు సికింద్రాబాద్ చేరడమే ఒక ప్రయాణం. రాత్రి రైళ్లది మరో దారి. నిద్రపోయిన గంటలను ఎవరూ ప్రయాణం కింద లెక్కెయ్యరు. సాయంత్రం అయిదు దాటాక విశాఖలో గోదావరి ఎక్కినవాడు మర్నాడు ఆరింటికి అటూ ఇటూగా నాంపల్లిలో దిగి, స్నానం చేసి పదింటికి ఆఫీసులో ఉంటాడు. పగటి పని ఒక్క గంట కూడా పోలేదు. అదే విమానం అయితే ఒక పూట పోయినట్టే.

ఆ రైలు పుట్టిందే అలాంటి పని కోసం. 1956 నవంబరు 1న హైదరాబాద్ తెలుగువాళ్లందరికీ రాజధాని అయినప్పుడు, అతి దూరమైపోయినవాళ్లలో ఉత్తరాంధ్రవాళ్లు ముందుంటారు. బదిలీ కోసం, పింఛను కాగితం కోసం, కోర్టులో వాయిదా కోసం ఏడొందల కిలోమీటర్లు. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 ఫిబ్రవరి 1న వాల్తేరు (అప్పటి విశాఖ స్టేషను పేరు), హైదరాబాద్‌ల మధ్య మొదలైంది. సచివాలయంలో ఫైలు కదిలించుకోవాల్సిన టీచరు, గుమాస్తా, ఎమ్మెల్యే వెంట వచ్చిన అనుచరుడు, ఉస్మానియాలో చేరబోయే కుర్రాడు అందరూ ఒకే బండి. 2024లో యాభై ఏళ్లు నిండినప్పుడు ఇంజనుకు పూలదండలు వేసి విశాఖ స్టేషనులో కేకు కోశారు. రాష్ట్రం విడిపోయి రాజధాని మారినా ఆ బండి ఖాళీగా నడిచిన రోజు లేదు. ఫైళ్లు పోయాయి, పిల్లలు మిగిలారు. ఉక్కునగరంలో పనిచేసి రిటైరైన తండ్రి గాజువాకలో, కొడుకు గచ్చిబౌలిలో. ఇది ఇవాళ వేల ఇళ్ల కథ.

విమానంలో ఉదయం వేళ కనిపించే జనం మరో రకం. మెడలో ట్యాగు, ఒళ్లో ల్యాప్‌టాప్. హైదరాబాద్ మందుల కంపెనీలవాళ్లు పరవాడ ఫార్మా సిటీ ప్లాంటుకు తనిఖీకి పోతుంటారు. ఇటు హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన ప్రయోగశాలలు, అటు విశాఖలో తూర్పు నౌకాదళం, టార్పెడోల మీద పనిచేసే నౌకా ప్రయోగశాల. ఈ రెండు కొసల మధ్య తిరిగేవాళ్లు పక్క సీటువారితో ఉద్యోగం గురించి మాట్లాడరు, వాతావరణం గురించే మాట్లాడతారు. వాళ్ల టికెట్టు ఆఫీసు కొంటుంది. గంట విలువ రూపాయల్లో తెలిసేది వాళ్లకే.

మిగతావాళ్లకు దూరాన్ని కొలిచేది క్యాలెండరు. విమానం చార్జీకి కిలోమీటర్లతో సంబంధం తక్కువ. పైకెక్కడానికే ఎక్కువ ఇంధనం ఖర్చవుతుంది కాబట్టి దగ్గరి ప్రయాణం కిలోమీటరుకు ఎప్పుడూ ఖరీదే. పైగా సీట్లు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. ఆగస్టులో ఓ మంగళవారం ఏసీ బస్సు టికెట్టుకు కాస్త అటూ ఇటూగా దొరికే సీటు, భోగికి ముందు రోజు దుబాయ్ టికెట్టును గుర్తు చేస్తుంది. ఆ వారంలో హైదరాబాద్‌లోని అపార్ట్‌మెంట్ల కాపలాదార్లు, తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు పార్వతీపురం, పాలకొండ, టెక్కలి వైపు బయలుదేరతారు. జనరల్ బోగీలో కాలు మోపే చోటుండదు. ఎల్బీ నగర్ దగ్గర ప్రైవేటు బస్సులు బారులు తీరతాయి. ఆ నాలుగు రోజుల్లో విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌గేటు దాటడానికి పట్టే సమయంలో విమానం విశాఖలో దిగి తిరుగు ప్రయాణానికి సిద్ధమైపోయి ఉంటుంది.

దూరాన్ని గాలి మరోలా కూడా కొలిచింది ఒకసారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖ మీద పడింది. విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు లేచిపోయింది, లోపల నీళ్లు నిలిచాయి. కొన్ని రోజులపాటు విశాఖకు ఏ ఊరినుంచీ విమాన దూరం అన్నదే లేదు.

బేగంపేట నేర్పినది

హైదరాబాద్ ఈ నేల మీది గంటల పాఠం ఒకసారి చదివింది. 2008 మార్చి దాకా విమానాలు బేగంపేటలోనే దిగేవి. సికింద్రాబాద్, అమీర్‌పేటవాళ్లు ఇంట్లో టిఫిను తిని, ఆటో ఎక్కి, పావుగంటలో విమానాశ్రయంలో ఉండేవారు. శంషాబాద్ తెరుచుకున్న నాడు విశాఖ అంగుళం కూడా జరగలేదు. విమానం వేగం మారలేదు. కానీ సికింద్రాబాద్ మనిషికి విశాఖ గంట దూరం పెరిగింది. రాజేంద్రనగర్, అత్తాపూర్‌వాళ్లకు తగ్గింది. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఔటర్‌కు తోడయ్యాక గానీ ఆ గంటలో కొంత తిరిగి రాలేదు. రన్‌వే కట్టడానికి పట్టిన కాలం కంటే రన్‌వేకు దారి కట్టడానికి పట్టినదే ఎక్కువ అనిపిస్తుంది నాకు. మెట్రో అక్కడికింకా చేరలేదు. అర్ధరాత్రి దిగినవాడికి పుష్పక్ బస్సో, క్యాబో గతి.

ఇప్పుడు అదే పాఠం విశాఖ వంతు. ఇప్పటి విమానాశ్రయం నౌకాదళానిది. ఐఎన్‌ఎస్ డేగా స్థావరం రన్‌వేను పౌర విమానాలూ వాడుకుంటున్నాయి. నౌకాదళం శిక్షణ వేళల్లో మిగతావాటికి చోటుండదు. చుట్టూ కొండలు, పక్కన మేఘాద్రిగెడ్డ. పెంచుకోవడానికి జాగా లేదు. అందుకని విజయనగరం జిల్లా భోగాపురం దగ్గర 2,200 ఎకరాల్లో అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో మరో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. రన్‌వే పొడవు 3,800 మీటర్లు, పెద్ద విమానాలు దూర దేశాలకు నిండు బరువుతో లేవడానికి సరిపోతుంది. దుబాయ్‌కో ఇంకో దేశానికో పోవడానికి ముందు హైదరాబాద్ వచ్చి పడిగాపులు కాసే ఉత్తరాంధ్ర ప్రయాణికుడికి ఇది పెద్ద ఊరట.

హైదరాబాద్ వచ్చేవాడికి మాత్రం లెక్క మారుతుంది. భోగాపురం విశాఖ నడిబొడ్డుకు 45 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. గాజువాకవాడికి ఇప్పుడు పావుగంటలో ఉన్న విమానాశ్రయం రేపు ఊరంతా దాటి, మద్దిలపాలెం, మధురవాడ ట్రాఫిక్కు ఈదుకుంటూ, ఆనందపురం మీదుగా గంటన్నర దూరమవుతుంది. అతని అయిదు గంటలు ఆరున్నర అవుతాయి. ఆ పైన దువ్వాడలో ఆగే రైలు ఎక్కడం తెలివైన పనే. మధురవాడ ఐటీ ఉద్యోగికి పెద్దగా తేడా పడదు. విజయనగరంవాడికి పాతిక కిలోమీటర్లు, ఇన్నాళ్లూ విశాఖ ఊరు మొత్తం దాటి పోవలసినవాడికి ఒక్కసారిగా గంట కలిసొస్తుంది. శ్రీకాకుళంవాడికి ఇంకా ఎక్కువ. కొత్త చోటు తెరుచుకున్నాక పాతచోట పౌర విమానాలు ఆగిపోవాలన్నది ఒప్పందం కాబట్టి ఎంచుకునే వీలు కూడా లేదు.

మ్యాపు మీద శంషాబాద్ నుంచి భోగాపురానికి గీత గీస్తే ఇప్పటి గీత కంటే ఓ ముప్పై కిలోమీటర్లు పొడవు. గాల్లో అది రెండు మూడు నిమిషాలు. టికెట్టు మీద గంటా పదిహేను అలాగే ఉంటుంది, లేదంటే గంటా ఇరవై అవుతుంది. గాజువాకవాళ్లు అడుగుతున్నది ఆ అయిదు నిమిషాల గురించి కాదు. తెల్లవారుజామున నాలుగింటికి పాత గాజువాక కూడలి నుంచి భోగాపురానికి బస్సు ఉంటుందా, మెట్రో అంటూ వస్తే విమానాశ్రయం దాకా వస్తుందా, లేక కొమ్మాదిలోనే ఆగుతుందా అని.